తివాచీ పరిచిన చోటే రంగస్థలం

పోయిన నెల ఈ శీర్షికలో 'కన్యాశుల్కం' నాటకాన్ని పూర్తి నిడివితో ఆడడం ఎందుకు అరుదన్న ప్రశ్నకు జవాబు రాస్తూ, తొమ్మిది గంటల మహాభారత నాటకాన్ని తెల్లవార్లూ ఆడించిన పీటర్ బ్రూక్ అనే బ్రిటిష్ దర్శకుణ్ణి ఒక్క వాక్యంలో తలచుకున్నాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు తక్కిన వ్యాసం మొత్తానికీ రాలేదు. వాటిలో ఎక్కువ భాగం విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచే వచ్చాయి. 1892లోనే 'కన్యాశుల్కం' మొదటి ప్రదర్శన చూసిన ప్రాంతం కాబట్టి అది నాకు వింతగా తోచలేదు. అందుచేత ఈ నెల శీర్షిక మొత్తాన్ని ఆయనకే కేటాయించి, ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: ఈ పీటర్ బ్రూక్ ఇంగ్లాండులో పుట్టినవాడేనా, బయటి నుంచి వచ్చి స్థిరపడినవాడా? నాటకంలోకి ఎలా వచ్చాడు?
– విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు, విజయనగరం

జవాబు: పుట్టింది లండన్‌లోనే. 1925 మార్చి 21న, నగరానికి పడమటి వైపున ఉన్న చిజిక్ ప్రాంతంలో పుట్టారు. తల్లిదండ్రులు మాత్రం ఇప్పటి లాట్వియా దేశం నుంచి వచ్చిన యూదులు. తండ్రిది మందుల వ్యాపారం. 'బ్రూక్‌లాక్స్' అనే విరేచనాల మందు వాళ్ల సరుకే. వేదిక మీద అక్కరలేనిదంతా బయటికి పంపడమే జీవితమంతా పనిగా పెట్టుకున్న మనిషికి ఇంతకన్న తగిన కులవృత్తి దొరకదు అనబుద్ధవుతుంది, పెద్దలు క్షమించాలి.

ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న రోజుల్లో, యుద్ధం ఇంకా సాగుతుండగానే, 1943లో లండన్‌లోని ఒక చిన్న నాటకశాలలో 'డాక్టర్ ఫాస్టస్' నాటకానికి దర్శకత్వం వహించారు. అప్పటికి ఆయన వయసు 18. మరుసటి ఏడాది తోటి విద్యార్థులను పోగు చేసి ఒక సినిమా కూడా తీశారు. 1945లో బర్మింగ్‌హామ్ రెపర్టరీ నాటకశాల అధిపతి సర్ బ్యారీ జాక్సన్ ఆయనను పిలిచి పని అప్పగించారు. తాను ఎరిగిన భూకంపాలన్నింటిలో వయసులో చిన్నది ఇదేనని జాక్సన్ ఈ కుర్రవాణ్ణి గురించి అన్న మాట తరువాత చాలా కాలం చెప్పుకున్నారు. పాల్ స్కోఫీల్డ్ అనే నటుడితో స్నేహం కుదిరింది అక్కడే. ఆ స్నేహం తరువాతి కాలంలో 'కింగ్ లియర్' వరకూ వెళ్లింది. 1946లో, 21 ఏళ్ల వయసులో, షేక్‌స్పియర్ పుట్టిన ఊరైన స్ట్రాట్‌ఫర్డ్‌లో 'లవ్స్ లేబర్స్ లాస్ట్' ఆడించారు. ఆ ఊళ్లో ఆ వయసు వాడికి నాటకం అప్పగించడమంటే, మన దగ్గర పద్యనాటక సమాజంలో నిన్న మొన్న చేరినవాడికి రాయబారం ఘట్టంలో కృష్ణుడి వేషం ఇచ్చినట్టే.

ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. ఖాళీ వేదిక అనగానే గుర్తొచ్చే ఈ మనిషి మొదలుపెట్టింది నిండు వేదికతో. 1947 నుంచి 1950 వరకు లండన్‌లోని కోవెంట్ గార్డెన్ సంగీత నాటకశాలకు నిర్మాణాల దర్శకుడిగా ఉన్నప్పుడు, 'సలోమే' సంగీత నాటకానికి స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ చేత సెట్లు, దుస్తులు చేయించారు. ఆ ఆర్భాటం మీద పెద్ద దుమారం లేచింది, ఆయన ఉద్యోగం అంతటితో ముగిసింది. 1955లో లారెన్స్ ఒలివియే, వివియన్ లీ నటించిన 'టైటస్ ఆండ్రోనికస్' నాటికి దారి మళ్లడం మొదలైంది. అందులో చేతులు నరికివేయబడిన లావీనియా పాత్ర వేదిక మీదికి వస్తుంది. రంగునీళ్ల నెత్తురుకు బదులు, ఆమె మణికట్టుల నుంచి ఎర్రని పట్టీలు వేలాడదీశారు. సినిమా నెత్తురుకు అలవాటు పడిన మనకు అది చిన్న చిట్కాలా కనిపించవచ్చు. కాని చూసేవాడి ఊహకు పని కల్పిస్తే, వాడే తక్కిన నెత్తురంతా తెచ్చుకుంటాడన్న ఎరుక అక్కడ పుట్టింది. తరువాతి అరవై ఏళ్ల పని ఆ పట్టీల నుంచే వచ్చిందని నా నమ్మకం.

ప్రశ్న: సినిమాల్లో ఆయన స్థానం ఏమిటి? మా మిత్రబృందంలో కొందరు గొప్ప సినిమా దర్శకుడంటున్నారు, కొందరు నాటకాన్నే కెమెరాతో పట్టాడంటున్నారు.
– సినిమా అభిమాని, శ్రీకాకుళం

జవాబు: రెండు పక్షాలకూ కొంత న్యాయం ఉంది. 1953లో ఒలివియే కథానాయకుడిగా తీసిన 'ది బెగ్గర్స్ ఆపెరా' ఆయనకు పేరు తేలేదు. 1960లో ఫ్రెంచి భాషలో తీసిన 'మోదెరాతో కంతాబిలే' చిత్రంలో నటనకు గాను జాన్ మోరో కాన్ ఉత్సవంలో ఉత్తమ నటి బహుమతి అందుకున్నారు. ఆ తరువాత వచ్చిన 'లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్' మాత్రం ఈనాటికీ నిలిచిన సినిమా. విలియం గోల్డింగ్ నవల అది. పెద్దవాళ్లెవరూ లేని దీవిలో చిక్కుకున్న బడిపిల్లలు మెల్లమెల్లగా ఆటవికులుగా మారిపోయే కథ. 1961 వేసవిలో ప్యూర్టోరికోకు చెందిన వియెకెస్ అనే దీవికి, ఎన్నడూ నటించని పిల్లలను తీసుకుపోయి, కట్టుదిట్టమైన స్క్రిప్టు లేకుండా తీశారు. ప్రధాన ఛాయాగ్రాహకుడు కూడా అంతకుముందు సినిమా తీసినవాడు కాదు. స్థిర చిత్రాలు తీసే ఫొటోగ్రాఫరు. గంటల తరబడి తీసిన ఫిల్మును గదిలో కూర్చుని గంటన్నరకు కుదించారు. 1963లో విడుదలైన ఆ చిత్రాన్ని చూస్తున్నప్పుడు, పిల్లలు నటిస్తున్నారో నిజంగానే ఒకరి మీద ఒకరు పడుతున్నారో తెలియని భయం కలుగుతుంది.

'మారా/సాద్' సంగతి వేరు. జర్మన్ రచయిత పీటర్ వైస్ నాటకమది. పిచ్చాసుపత్రిలోని రోగులు ఫ్రెంచి విప్లవ కథను నాటకంగా ఆడడం అందులోని కథ. 1964లో లండన్ వేదిక మీద ఆడినప్పుడు, చివర ప్రేక్షకులు చప్పట్లు కొడుతుంటే వేదిక మీది రోగులు కూడా ప్రేక్షకులను చూస్తూ నింపాదిగా, వెక్కిరింపుగా చప్పట్లు కొట్టేవారట. ఆ నాటకానికి న్యూయార్క్‌లో ఉత్తమ దర్శకుడిగా టోనీ అనే అమెరికా నాటకరంగ బహుమతి వచ్చింది. 1967లో దాన్ని సినిమాగా తీసినప్పుడు కెమెరా రోగుల మధ్యకు చొరబడి తిరిగింది. నాటకాన్ని ముందు వరుస కుర్చీలోంచి పట్టిన సినిమా కాదది. 1971 నాటి 'కింగ్ లియర్' డెన్మార్క్ దేశపు చలిలో, నలుపు తెలుపులో తీసినది. మొహాలు, మంచు, బొచ్చు కోట్లు తప్ప చూడడానికి మరేమీ ఉండదు. నాకది చాలా ఇష్టం. ఇంట్లో మా వాళ్లు అరగంట చూసి లేచిపోయారని కూడా చెప్పడం న్యాయం.

నా అభిప్రాయం అడిగితే, ఆయన మంచి సినిమాలు నాలుగైదు తీసిన మహా నాటక దర్శకుడు. ఆయనకు కావలసింది ఎదురుగా ఊపిరి పీలుస్తున్న ప్రేక్షకుడు, సినిమా ఆ ప్రేక్షకుణ్ణి ఇవ్వలేదు.

ప్రశ్న: మాది పరిషత్తు నాటికలు ఆడే సమాజం. సెట్టుకు, లైటింగుకు, వాటిని ఊరూరా తిప్పే వ్యానుకు అయ్యే ఖర్చు ఏటా పెరిగిపోతోంది. బ్రూక్ చెప్పిన ఖాళీ వేదిక పద్ధతి అంటే సెట్టు మానేయడమేనా? అలా ఆడితే న్యాయనిర్ణేతలు ఒప్పుకుంటారా?
– నాటక దర్శకులు, బొబ్బిలి

జవాబు: రెండో ప్రశ్నకు జవాబు న్యాయనిర్ణేతలే చెప్పాలి. మొదటిది కొంచెం వివరంగా చూద్దాం.

1968లో ఆయన 'ది ఎంప్టీ స్పేస్' అనే చిన్న పుస్తకం ప్రచురించారు. ఏ ఖాళీ జాగానైనా వేదిక అని పిలవవచ్చు, ఆ జాగాలో ఒక మనిషి నడిచి వెళుతుంటే మరొకడు చూస్తే చాలు, నాటకం మొదలైనట్టే అన్న భావంతో ఆ పుస్తకం మొదలవుతుంది. ఆ మాటను మన సమాజాల్లో చాలామంది ఉటంకిస్తారు గాని, దాని వెనుక ఉన్న కోపాన్ని పట్టించుకోరు. అందులో ఆయన నాటకాన్ని నాలుగు రకాలుగా చూశారు. మొదటిది చచ్చిన నాటకం. పాత పద్ధతి కాబట్టి, పెద్దలు మెచ్చుకున్నారు కాబట్టి, అర్థం పోయిన తరువాత కూడా అలాగే ఆడుకుంటూ పోయేది. రెండోది పవిత్ర నాటకం, కంటికి కనిపించనిదాన్ని కనబడేలా చేయాలనుకునేది. మూడోది మోటు నాటకం, అంటే ఉప్పు, చెమట, గోల, వాసన ఉన్నది; కొట్టాల్లో, బళ్ల మీద, వీధుల్లో ఆడేది. నాలుగోది అప్పటికప్పుడు పుట్టే నాటకం, దర్శకుడూ నటుడూ చూసేవాడూ ఆ పూటకు కలిసి కట్టుకునేది. మన తూర్పు భాగవతం, తప్పెటగుళ్లు మూడో రకానికి మచ్చుతునకలు. వాటిని మోటు అన్నందుకు ఎవరూ నొచ్చుకోనక్కరలేదు, ఎందుకంటే షేక్‌స్పియర్‌లో పవిత్రమూ మోటూ ఒకే చోట ఉన్నాయనే ఆయన పొగిడారు.

పుస్తకంలో చెప్పినదాన్ని చేసి చూపింది 1970 ఆగస్టులో, స్ట్రాట్‌ఫర్డ్‌లో ఆడిన 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' నాటకంలో. అడవిలో, వెన్నెల రాత్రి, గంధర్వుల వంటి మాయాజీవుల మధ్య నడిచే కథ అది. అంతకుముందు దాన్ని ఆడేవారు నిజం చెట్ల వంటి చెట్లు, పలుచని రెక్కలు, మంచు పొగలు పెట్టి ఆడేవారు. బ్రూక్, రూపకర్త శాలీ జేకబ్స్ కలిసి ఆ అడవినంతా తీసేసి, మూడు తెల్ల గోడల పెట్టె ఒకటి పెట్టారు. చైనా సర్కసు వాళ్ల విద్యలు చూసి వచ్చిన ప్రభావంతో, నటులు ఊయలకమ్మీల మీద నుంచి వేలాడుతూ మాట్లాడారు. తీగ చుట్టలే చెట్లు. మంత్రపు పువ్వు ఒక కర్ర కొన మీద గిరగిర తిరిగే పళ్లెం. మాయను ఒకరి నుంచి మరొకరికి పంపాలంటే తిరుగుతున్న ఆ పళ్లేన్ని ఒక కర్ర మీది నుంచి ఇంకో కర్ర మీదికి అందించాలి. పళ్లెం కింద పడితే మాయ కూడా పడిపోతుంది. నటుడి చేతిలోని నేర్పు, పాత్ర చేతిలోని మహిమ ఒకటే అయిపోయిన ఏర్పాటు అది.

ఇక్కడే మీ ప్రశ్నకు జవాబు ఉంది. సెట్టు తీసేస్తే ఆ బరువు ఎక్కడికీ పోదు, నటుడి ఒంటి మీద పడుతుంది. దాన్ని మోయడానికి కావలసిన కసరత్తుకు వారాల తరబడి రిహార్సల్స్ కావాలి. ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రి తొమ్మిదికి పోగయ్యే మన సమాజాలకు వ్యాను కిరాయి కన్నా ఆ కాలమే ఖరీదైన సరుకు. ఖాళీ వేదికను చవక వేదిక అనుకున్నవాళ్లు చాలామంది దెబ్బతిన్నారు. మరోవైపు, ఈ విద్య మన ఊరికి కొత్త కాదు. ఆదిభట్ల నారాయణదాసు గారు విజయనగరంలో చేతిలో చిరతలు, కాలికి గజ్జెలతో ఒక్కరే నిలబడి, రాజూ రాణీ రాక్షసుడూ తానే అయి కథ నడిపినప్పుడు ఆయన వెనుక ఏ సెట్టూ లేదు. కాని దాసు గారికి సంగీతం, సాహిత్యం, లయ, గొంతు అన్నీ ఉన్నాయి. వాటిలో ఒక్కటీ సాధన చేయకుండా వేదిక ఖాళీ చేస్తే మిగిలేది ఖాళీయే.

కాబట్టి సెట్టు మానేయమని చెప్పను. మీ సెట్టులో నటుడు ముట్టుకోని వస్తువులు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టమని మాత్రం అడుగుతాను.

ప్రశ్న: అంత పేరు తెచ్చుకున్నాక స్వదేశం వదిలి పారిస్ ఎందుకు వెళ్లిపోయారు? ఆఫ్రికా ఎడారుల్లో నాటకాలు ఆడారని కూడా విన్నాను, నిజమేనా?
– గృహిణి, నరసన్నపేట

జవాబు: నిజమే. 1970లో, కీర్తి పతాక స్థాయిలో ఉండగా, మిషెలిన్ రోజాన్ అనే నిర్వాహకురాలితో కలిసి పారిస్‌లో అంతర్జాతీయ నాటక పరిశోధన కేంద్రం స్థాపించారు. ఫలానా తేదీకి తెర లేపాలన్న తొందర లేకుండా, వేరువేరు దేశాల నటులు ఒకచోట కూర్చుని నాటకం అసలు ఎక్కడ పుడుతుందో వెతకాలన్నది ఉద్దేశం. 1971లో ఇరాన్‌లోని పెర్సెపోలిస్ శిథిలాల మధ్య, కవి టెడ్ హ్యూస్ ప్రత్యేకంగా కల్పించిన భాషలో ఒక నాటకం ఆడారు. ఏ ప్రేక్షకుడికీ అర్థం కాని భాష అది. శబ్దం ఒక్కటే మనసును తాకగలదా అని పరీక్షించడానికి చేశారు. నాకు ఆ ప్రయోగం మీద అనుమానమే గాని, రాగం తీస్తే చాలు, మాట వినబడకపోయినా చప్పట్లు కొట్టే మన పద్యనాటక ప్రేక్షకులను గుర్తు తెచ్చుకుని నోరు మూసుకుంటాను.

1972 చివర బయలుదేరి కొన్ని నెలల పాటు అల్జీరియా, నైజర్, నైజీరియా మీదుగా సహారా ఎడారి దాటుతూ ఊరూరా ఆడారు. వాళ్లతో ఉన్న నాటకశాల అల్లా ఒక తివాచీ. ఊరి మధ్య దాన్ని పరిచేవారు. దాని మీద కాలు పెట్టినవాడు నటుడు, చుట్టూ మూగినవాళ్లు ప్రేక్షకులు. అక్కడివాళ్లకు షేక్‌స్పియర్ తెలియదు, బ్రూక్ ఎవరో తెలియదు. అందువల్ల పేరు చూసి మెచ్చుకునే ప్రమాదం లేదు. ఒక జత చెప్పులో, ఒక పెట్టెనో మధ్యలో పెట్టి దాని చుట్టూ అప్పటికప్పుడు ఆట అల్లేవారు. ఏది పండుతుందో ఏది తేలిపోతుందో జనం మొహాల్లోనే కనిపించేది.

తిరిగి వచ్చాక 1974లో పారిస్ ఉత్తర రైల్వే స్టేషను వెనుక, ఏళ్ల తరబడి మూతబడి ఉన్న బుఫ్ ద్యు నోర్ అనే పాత నాటకశాలను తీసుకున్నారు. గోడలు పెచ్చులూడి, మంటల మసి పట్టి ఉన్నాయి. కుర్చీలు, కప్పు బాగు చేయించారు గాని, ఆ గోడలకు మాత్రం కొత్త రంగు వేయనివ్వలేదు. వేదికను ప్రేక్షకుల మధ్యకు, నేల మట్టానికి దించారు. ఆ సంవత్సరం 'టైమన్ ఆఫ్ ఏథెన్స్' నాటకంతో తలుపులు తెరిచి, మూడున్నర దశాబ్దాల పాటు అదే చోటు నుంచి పని చేశారు. 1951లో పెళ్లాడిన భార్య నటాషా పారీ కూడా నటి; ఆయన నాటకాల్లోనూ సినిమాల్లోనూ వేషాలు వేశారు. ఆమె 2015లో కన్నుమూశారు.

ప్రశ్న: యాభై ఏళ్లుగా ఊరూరా రాయబారం ఆడుతున్నవాణ్ణి. ఈ దొర తీసిన భారతం మా మనవడు ఫోనులో కొంచెం చూపించాడు. కిరీటం లేని కృష్ణుడు, నల్లజాతి భీముడు, జపాను ద్రోణుడు, పద్యం లేదు, రాగం లేదు. ఇది భారతమేనా? మన ఇతిహాసాన్ని ఇలా చేసే హక్కు ఎవరిచ్చారు?
– పద్యనాటక కళాకారులు, చీపురుపల్లి

జవాబు: మీరు పెద్దలు, ఆ వేషం కట్టినవారు. కాబట్టి మీ కోపాన్ని తీసిపారేయకుండా జవాబు చెప్పాలి. ముందు ఏం జరిగిందో చెబుతాను.

1970ల మధ్యలో ఫిలిప్ లావస్తీన్ అనే ఫ్రెంచి సంస్కృత పండితుడి దగ్గర బ్రూక్, రచయిత జాన్-క్లోద్ కారియేర్ రాత్రుల తరబడి భారత కథ విన్నారు. కురుక్షేత్రంలో విల్లు జారవిడిచిన అర్జునుడు అసలు ఎందుకు ఆగిపోయాడన్న ప్రశ్న దగ్గర మొదలైన వినికిడి అది. మన పురాణ కాలక్షేపం లాగే కథ విన్నవాడు ఇంకొకడికి చెప్పాలనుకున్నాడు. ఆ తరువాత భారతదేశానికి పలుమార్లు వచ్చి, కథకళి వంటి రూపాలు చూసి, పదేళ్ల పనితో నాటకం తయారు చేశారు. 1985 జులై 7న ఫ్రాన్స్‌లోని అవిన్యోఁ నాటకోత్సవంలో, ఊరికి దూరంగా బూల్బోఁ దగ్గర ఉన్న రాతి గనిలో, ఆకాశం కింద మొదటిసారి ఆడారు. జూదం, అరణ్యవాసం, యుద్ధం అని మూడు భాగాలు, మొత్తం తొమ్మిది గంటలు. కొన్ని రాత్రులు చీకటి పడగానే మొదలుపెట్టి తెల్లవారేదాకా ఏకబిగిన ఆడేవారు. యుద్ధం ముగిసే వేళకు నిజంగానే సూర్యోదయం అయ్యేది. తెల్లవార్లూ ఆడే నాటకమంటే యూరపులో వింత. మీకు అది ఉద్యోగం.

వేదిక మీద ఇసుక, నీటి మడుగు, నిప్పు. వ్యాసుడు ఒక పిల్లవాడికి కథ చెబుతుంటాడు, గణపతి రాస్తుంటాడు. ఆ గణపతి వేషం వేసిన నటుడే తరువాత కృష్ణుడవుతాడు. రథానికి బదులు ఒక్క చక్రం. బాణాన్ని విల్లు నుంచి వదలరు. నటుడు దాన్ని చేత్తో పట్టుకుని నెమ్మదిగా నడిచి తీసుకుపోతాడు. ద్రోణుడి మరణ ఘట్టంలో జపాను నటుడు యోషీ ఓయిడా కుండెడు ఎర్రని నీటిని తన తల మీద తానే కుమ్మరించుకుంటాడు. ముప్పై ఏళ్ల కిందట లావీనియా మణికట్టు నుంచి వేలాడిన ఎర్ర పట్టీ ఇక్కడ కుండ అయింది.

నటుల జాతుల సంగతికి వస్తే, భీష్ముడు వేసిన సోటిగి కూయాటే పశ్చిమ ఆఫ్రికాలో వంశపారంపర్యంగా రాజుల చరిత్రలు పాడే గ్రియోల కుటుంబంలో పుట్టినవాడు. మన జంగాల వంటి కథకుల వంశమన్నమాట. అలాంటి గొంతుకు భీష్ముడి పాత్ర ఇవ్వడం నాకు తప్పుగా తోచదు. ప్రధాన పాత్రల్లో భారతదేశం నుంచి ఉన్నది ద్రౌపది వేసిన మల్లికా సారాభాయ్ ఒక్కరే. భారతం అంటే మానవజాతి మొత్తం కథ అని బ్రూక్ వాదం. అందుకే అన్ని ఖండాల మనుషులు.

ఆ వాదాన్ని గట్టిగా ఎదిరించినవారు మన దేశంలోనే ఉన్నారు. వారిలో ముఖ్యుడు విమర్శకుడు రుస్తుం భరూచా. కథను మాత్రం తీసుకుని, ఆ కథకు ప్రాణమైన ధర్మం, వర్ణం, కర్మ అనే ఆలోచనల సందర్భాన్ని వదిలేశారని, దేన్నైనా తనకు నచ్చినట్టు తీసుకుపోగల పాశ్చాత్యుడి ధీమా ఇందులో ఉందని ఆయన విమర్శ. గీతోపదేశంలో ఎక్కువ భాగం కృష్ణుడు అర్జునుడి చెవిలో రహస్యం చెప్పినట్టు గుసగుసలతో దాటిపోవడం ఆ విమర్శకు బలమిచ్చింది. ఈ విషయంలో నేను భరూచా పక్షమే. విల్లు ఎందుకు జారిందన్న ప్రశ్నతో బయలుదేరినవాడు జవాబు దగ్గర గొంతు తగ్గించడం లోపమే.

హక్కు మాటకు వస్తే మాత్రం మీతో కొంచెం విభేదిస్తాను. నన్నయ మొదలుపెట్టి, తిక్కన నడిపి, ఎఱ్ఱన పూరించిన తెలుగు భారతం సంస్కృత మూలానికి అచ్చు నకలు కాదు. వదిలినవి వదిలారు, పెంచినవి పెంచారు. తిరుపతి వేంకట కవులు రాయబారాన్ని పట్టుకుని పద్యాలలో పెట్టబట్టే మీ యాభై ఏళ్లు నడిచాయి. ప్రతి తరమూ తనకు కావలసిన భారతాన్ని కోసుకుంది. దొర కూడా అదే చేశాడు. తేడా ఎక్కడంటే, మన కవులు కోసుకున్నది వినేవాళ్లకు తక్కినదంతా ముందే తెలుసు. న్యూయార్క్‌లోనో గ్లాస్గోలోనో 1987, 1988 సంవత్సరాల్లో ఆ నాటకాన్ని ఇంగ్లీషులో చూసినవాళ్లలో చాలామందికి అదే మొత్తం భారతం. కోసేవాడి బాధ్యత అక్కడ పెరుగుతుంది.

1989లో వచ్చిన సినిమా రూపాన్ని నేను చాలా ఏళ్ల కిందట విశాఖపట్నంలో ఒక మిత్రుడి ఇంట్లో చూశాను. జూదం ఘట్టం నడుస్తుండగా కరెంటు పోయింది. చీకట్లో కూర్చుని, తరువాత ఏం జరుగుతుందో పుట్టినప్పటి నుంచీ తెలిసిన అయిదుగురమూ కరెంటు ఎప్పుడొస్తుందా అని ఆత్రపడ్డాం. మీరు అడుగుతున్న ప్రశ్నకు అది జవాబు కాదు గాని, చెప్పకుండా ఉండలేకపోయాను.

వీలైతే మనవడి చేత యుద్ధం తరువాతి భాగం పెట్టించుకుని చూడండి. గెలిచిన ధర్మరాజు మొహంలో గెలుపు కనిపించని ఘట్టం అది. బ్రూక్‌కు కూడా అదే వదలలేదు. 2015లో, 90 ఏళ్ల వయసులో, కారియేర్ రచన నుంచే 'బాటిల్‌ఫీల్డ్' అనే గంటంబావు నాటకం చేశారు. యుద్ధం ముగిశాక ధర్మరాజు, ధృతరాష్ట్రుడు, కుంతి ఏం మాట్లాడుకున్నారన్నదే అందులో ఉంది. నలుగురు నటులు, ఒక డోలు వాయించే మనిషి, నాలుగు బట్టలు, కొన్ని కర్రలు. తొమ్మిది గంటల భారతంలో మిగిలింది అదీ. ఆ నాటకం 2016లో ముంబయి కూడా వచ్చింది.

ప్రశ్న: మన ప్రభుత్వం ఆయనకేమైనా గౌరవం ఇచ్చిందా? ఇప్పుడున్నారా?
– డిగ్రీ విద్యార్థిని, ఆమదాలవలస

జవాబు: 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2022 జులై 2న, 97 ఏళ్ల వయసులో, పారిస్‌లో కన్నుమూశారు.

ప్రశ్న: మేము కొందరు కుర్రాళ్లం కలిసి 'కన్యాశుల్కం' నుంచి కొన్ని రంగాలు ఏరి ఆడాలనుకుంటున్నాం. ఎవరెక్కడ నిలబడాలో, ఎప్పుడు కదలాలో ముందే నోటుబుక్కులో బొమ్మలు గీసుకున్నాను. బ్రూక్ పద్ధతి నుంచి మాకు పనికొచ్చేది ఏదైనా ఉందా?
– యువ దర్శకుడు, విజయనగరం

జవాబు: మీ నోటుబుక్కు సంగతి చదవగానే ఆయనే చెప్పుకున్న ఒక సంగతి గుర్తొచ్చింది. 1946లో స్ట్రాట్‌ఫర్డ్‌లో మొదటి రిహార్సల్‌కు ముందు రాత్రి, ఆయన కూడా అట్టముక్కలతో మనుషుల బొమ్మలు చేసి, నమూనా వేదిక మీద అటూ ఇటూ జరిపి, ప్రతి కదలికనూ పుస్తకంలో రాసుకున్నారు. మర్నాడు నటులకు ఆ ప్రకారం చెప్పి చూస్తే, వాళ్లు అట్టముక్కల్లా కదలలేదు. కొందరు వేగంగా వచ్చారు, కొందరు ఆగారు, ఎవరి నడక వారిది. పుస్తకంలో ఉన్నదానికి వాళ్లను తిప్పుకోవడమా, వాళ్లను బట్టి పుస్తకాన్ని వదలడమా అని ఒక్క క్షణం ఆలోచించి, పుస్తకం పక్కన పెట్టి నటుల మధ్యకు నడిచారు. మళ్లీ ఎప్పుడూ అలా రాసుకున్న పథకం చూడలేదని ఆయనే రాశారు. మీరు నోటుబుక్కు చింపేయనక్కరలేదు. గీసినంతసేపు నాటకం గురించి ఆలోచించారు కదా, ఆ మేలు చాలు. రిహార్సల్‌కు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి.

రెండోది, గోడలు వద్దు. 'కన్యాశుల్కం' విజయనగరంలో మొదలై కృష్ణరాయపురం అగ్రహారానికీ రామచంద్రపురం అగ్రహారానికీ తిరిగి మళ్లీ పట్నానికి వస్తుంది. ఇల్లిల్లూ కట్టుకుంటూ పోతే తెర దించి ఎత్తడంలోనే సగం రాత్రి గడుస్తుంది. కాని చేతి వస్తువుల జోలికి పోవద్దు. గిరీశం చుట్ట, మధురవాణి కంటె వంటివి తీసేస్తే ఆ నాటకం చేతులు విరిగినట్టవుతుంది. 'డ్రీమ్' నాటకంలో అడవినంతా తీసేసిన మనిషి కర్ర కొన మీది పళ్లెం మాత్రం ఉంచుకున్నాడన్నది మీకు పనికొచ్చే సంగతి.

మూడోది, నాటకం సగం తయారైన దశలోనే పిల్లల ముందు ఆడి చూడండి. బ్రూక్ తన నాటకాలను అలా పూర్తికాక ముందే బడిపిల్లలకు చూపించేవారు. పెద్దవాళ్లు మర్యాదకు కూర్చుంటారు. పిల్లలు విసుగొస్తే పక్కవాణ్ణి గిల్లుతారు. మీ పేటలోని ఏదైనా హైస్కూలు హెడ్మాస్టరుగారిని అడిగి, శనివారం మధ్యాహ్నం ఒక గది, బెంచీలు గోడకు జరిపించి, నేల మీద ఒక జంపకానా. గిరీశం వెంకటేశంతో మాట్లాడే మొదటి రంగం అక్కడ ఆడి, ఏ మాట దగ్గర గిల్లుడు మొదలైందో గుర్తుపెట్టుకుని, ఆ రాత్రే మళ్లీ రిహార్సల్ పెట్టుకోండి.